కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందట!

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని మనకొక సామెత ఉంది. ఇంటి గుట్టు బయటపెట్టుకుంటే పోయేది మన పరువేనని దాని తాత్పర్యం. సముద్రాలు దాటి వచ్చేటప్పుడు ఆవకాయనీ దేవుడి పటాన్నీ సూట్‌కేసులో సర్దుకున్నట్టే మనవాళ్ళు ఈ సామెతనీ భద్రంగా సర్దుకుని వచ్చారు. ఆవకాయ ఆర్నెల్లకి అయిపోయింది. సామెత మాత్రం ముప్ఫై ఏళ్ళయినా బూజు పట్టలేదు. ఈ వ్యాసం ఆ సామెతతో నా పోట్లాట.

పోట్లాడే హక్కు నాకుంది. నా జబ్బు అచ్చంగా కడుపులోదే. దాని పేరు క్రోన్స్. దానికొక తోబుట్టువుంది, అల్సరేటివ్ కొలైటిస్. రెంటినీ కలిపి ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ అంటారు. మన రోగనిరోధక శక్తి దారి తప్పి మన పేగు మీదే దాడికి దిగుతుంది. కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరని పుండు చేస్తుంది. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడని లోతుగా తినేయవచ్చు. 1932లో న్యూయార్కులోని మౌంట్ సైనై ఆసుపత్రి డాక్టర్లు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ ఈ జబ్బుని వర్ణించి రాశారు. అక్షర క్రమంలో క్రోన్ పేరు ముందుండడంతో ఆ పేరే నిలిచిపోయింది.

ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి తెలుగులో సరైన మాట లేదు. ఉన్నవల్లా "గ్యాస్ ట్రబులు", "పైత్యం", "వేడి చేసింది", "అరగడం లేదు". రక్తం పడుతోందంటే "మొలలేమో" అంటారు. బరువు తగ్గితే "డైటింగా?" అంటారు. చాలామంది దీన్ని ఐబీఎస్ అనుకుంటారు. అదీ మనిషిని బాగా బాధపెడుతుంది, కానీ పేగుని కొరికి చిల్లులు పెట్టదు. ఐబీడీ పెడుతుంది. పేరులో ఒక్క అక్షరమే తేడా, ఒంట్లో మాత్రం హస్తిమశకాంతరం.

మనవాళ్ళ దృష్టిలో జబ్బుల్లోనూ మర్యాదస్తులూ కానివాళ్ళూ ఉన్నారు. షుగరు, బీపీ మర్యాదస్తులు. బైపాస్ అయితే మరీను, చొక్కా గుండీ విప్పి కుట్లు చూపించే పెద్దమనుషుల్ని ఎన్ని పార్టీల్లో చూడలేదు! మోకాలి చిప్ప మార్చుకున్న పిన్నిగారు ఆ కథని సినిమా కథలా ఇంటర్వెల్‌తో సహా చెబుతారు. నడుం కింది జబ్బుకి మాత్రం నోరుండకూడదు. రోజుకి పదిహేనుసార్లు బాత్‌రూముకి పరిగెత్తే మనిషి ఆ మాట అమ్మకి తప్ప ఎవరికీ చెప్పకూడదు. ఒక్కోసారి అమ్మకి కూడా.

ఎంతోమంది చెప్పుకోకపోవడం వల్లే ఇది మన జబ్బు కాదనే నమ్మకం ఒకటి పాతుకుపోయింది. "అదంతా తెల్లవాళ్ళ జబ్బమ్మా, బర్గర్లు తినేవాళ్ళకొస్తుంది" అని నా మొహాన్నే అన్న డాక్టరుగారున్నారు. లెక్కలు ఆ మాట చెప్పడం లేదు. ఇంగ్లండులోని లెస్టర్‌షైర్ ప్రాంతంలో అక్కడి డాక్టర్లు లెక్కలు తీసి 1992లో ప్రచురించారు. దక్షిణాసియా నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళలో కొలైటిస్ తెల్లవాళ్ళకన్నా ఎక్కువగానే ఉందని తేలింది. 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి వచ్చిన అధ్యయనం, అక్కడి దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో ఐబీడీ మిగతా పిల్లలకన్నా ఎక్కువగా వస్తోందని చెప్పింది. 2015లో ఒంటారియో పరిశీలకులు, వలస వచ్చిన దక్షిణాసియావాళ్ళకి అక్కడ పుట్టిన పిల్లల్లో ఈ జబ్బు అవకాశం స్థానికుల పిల్లలతో సమానమైపోయిందని చూపించారు. అంటే మనం దేశం మారితే ఒక తరంలో మన పేగు కూడా దేశం మారుతోంది. కారణం ఇదీ అని ఒక్కదాన్ని పట్టుకుని చూపించలేరు. జన్యువులు కొంత, పేగులో కాపురముండే సూక్ష్మజీవులు కొంత, పెరిగిన వాతావరణం కొంత.

ఇది ఊళ్ళో ఉన్నవాళ్ళకి పట్టని సంగతి అనుకునేవాళ్ళు ఇంకొక లెక్క చూడండి. పంజాబులో లూధియానా డాక్టర్లు ఇంటింటి సర్వే చేసి 2003లో ప్రచురించారు. లక్షమందిలో నలభై నలుగురికి కొలైటిస్ ఉందని అందులో తేలింది. హైదరాబాదు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్లు 2023లో వెల్లడించిన పరిశీలన ఇంకా దగ్గరిది. కడుపు బాధలతో వచ్చినవాళ్ళని పరీక్షిస్తే, ఐబీడీ బయటపడ్డవాళ్ళ పాలు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ దాదాపు ఒక్కలాగే ఉంది. తెలంగాణ పల్లెలో జొన్నరొట్టె తినే రైతుకి ఏ బర్గరు పెట్టారని ఈ జబ్బొచ్చింది?

మన దేశంలో ఈ జబ్బుకి ఇంకొక చిక్కుంది. పేగుకి టీబీ వచ్చినా క్రోన్స్ వచ్చినా లోపల చూస్తే ఒక్కలాగే కనిపిస్తాయి. అవే పుళ్ళు, అదే సన్నబడిపోయిన పేగు, అదే జ్వరం, అదే బరువు తగ్గడం. టీబీ ఎక్కువగా ఉన్న దేశం కాబట్టి ముందు టీబీ మందులు ఇచ్చి చూడడం అక్కడ మామూలు. నాకూ అదే జరిగింది. భీమవరం పక్క పల్లె నుంచి పట్టణానికి తీసుకెళితే ఒక డాక్టరుగారు తొమ్మిది నెలలు టీబీ మందులు మింగించారు. ఆ మందులకి ఒంట్లో మిగిలిన సత్తువ కూడా పోయింది. 1999లో అమెరికా వచ్చాను. 2001లో ఇక్కడ పేగులో ముక్క తీసి పరీక్షించాక క్రోన్స్ అని తేల్చారు. ఆ మొదటి డాక్టరుగారిని తిట్టడానికి ఇది రాయడం లేదు. రెంటినీ విడదీయడం ఇవాళ్టికీ పెద్ద పెద్ద నిపుణులకే కష్టం. కానీ రోగికి, రోగి ఇంట్లోవాళ్ళకి "క్రోన్స్" అనే మాట తెలిసి ఉంటే, రెండు మూడు నెలలు టీబీ మందులు వాడినా గుణం కనిపించనప్పుడు "ఇది వేరేదేమో చూడండి డాక్టరుగారూ" అని అడగగలరు. అడగాలంటే ఆ మాట ఎప్పుడో ఒకసారి చెవిన పడి ఉండాలి. గుట్టుగా దాచుకున్న ప్రతి ఇల్లూ ఆ మాటని ఇంకొకరి చెవిన పడకుండా ఆపుతోంది. సామెత మీద నా మొదటి ఫిర్యాదు ఇదే.

రెండో ఫిర్యాదు పెళ్ళిళ్ళ దగ్గర.

ఈ జబ్బు ఎక్కువగా పదిహేనేళ్ళకీ ముప్ఫై అయిదేళ్ళకీ మధ్య బయటపడుతుంది. అంటే చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అన్నీ సరిగ్గా ఆ వయసులోనే. అందుకని మన ఇళ్ళల్లో మొదటి ప్రశ్న "మందేమిటి?" కాదు, "పెళ్ళెలా?" ఆ తరవాతది "ఎవరికీ చెప్పలేదు కదా?" అబ్బాయికైతే "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. పెళ్ళికూతురేమైనా గ్యాస్ట్రోఎంటరాలజిస్టా? అమ్మాయికైతే సంబంధాలు చూడడమే ఆపేస్తారు, లేదా మందుల సీసా మీది చీటీ చింపేసి విటమిన్ మాత్రలంటూ అత్తారింటికి పంపుతారు. ఆ పిల్ల కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య, ఉన్న ఒక్క బాత్‌రూముకి అందరికన్నా ముందు లేచి, చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పి కూర్చుంటుంది. మాత్రలు దొంగతనంగా మింగుతుంది. ఏ వారమో మింగడం కుదరదు. జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు ఆసుపత్రిలో అందరి ముందూ విషయం బయటపడి "మోసం చేశారు" అన్న మాట పుడుతుంది. ఆ మాటలో నిజముంది కూడా. దాచమన్నవాళ్ళు మాత్రం అక్కడ ఉండరు. మోసగత్తె అన్న పేరు ఆ పిల్లకే మిగులుతుంది.

చెబితే నష్టం లేదని నేననను. నా జబ్బు సంగతి నేను దాచలేదు. అది తెలిసి మా చెల్లెలికి కుదరబోయిన సంబంధం ఒకటి వెనక్కి పోయింది. "వాళ్ళ రక్తంలోనే ఉందిట" అన్నారు. ఆ ఏడాది మా అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. కాబట్టి చెప్పుకుంటే ఏం పోతుందో నాకు ఎవరూ నేర్పక్కరలేదు. కానీ వాళ్ళు వెనక్కి తగ్గింది తెలిసినందుకు కాదు, సగం తెలిసినందుకు. ఇది అంటుజబ్బు కాదు. ఒక కంచంలో తిన్నా, ఒక పక్క మీద పడుకున్నా అంటదు. కుటుంబాల్లో కొంత పారంపర్యం ఉన్న మాట నిజమే, కానీ తల్లిదండ్రుల్లో ఒక్కరికే ఉంటే పిల్లలకి రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. జబ్బు అదుపులో ఉన్నప్పుడు గర్భం దాల్చిన ఆడవాళ్ళలో ఎక్కువమంది మామూలుగానే పిల్లల్ని కంటారు. మందుల్లో చాలావాటిని గర్భంతో ఉన్నప్పుడు కూడా కొనసాగించమనే డాక్టర్లు చెబుతారు. మెథోట్రెక్సేట్‌లాంటి కొన్నిటిని మాత్రం ముందే ఆపాలి. ఆ ముందే అన్నది ఎప్పుడో తెలియాలంటే భార్యాభర్తలిద్దరూ ఆ డాక్టరు గదిలో పక్కపక్కన కూర్చోవాలి. దాచి పెళ్ళి చేసిన పిల్ల ఆ గదిలోకి మొగుణ్ణి ఎలా తీసుకెళుతుంది?

మూడో ఫిర్యాదు సలహాలతో.

మన సమాజంలో జబ్బు సంగతి చెప్పకపోతే అనుమానం, చెబితే సలహా. "కారం మానెయ్", "మజ్జిగ తాగు", "మా మరిది చిన్నమ్మగారికి ఇలాగే ఉంటే ఒకాయన పొడి ఇచ్చాడు, నలభై రోజుల్లో మాయం", "నువ్వు ఊరికే టెన్షను పడతావు, అందుకే". టెన్షను వల్ల ఈ జబ్బు రాదు. ఉన్న జబ్బుని అది రేపవచ్చు, అంతే. కారం వల్ల రాదు. అందరికీ పనికొచ్చే ఒకే పథ్యం లేదు. ఒకరికి పడేది ఇంకొకరికి పడదు, నాకు మంచిరోజుల్లో పడేది చెడ్డరోజుల్లో పడదు. అన్నిటికన్నా ప్రమాదమైన సలహా ఒకటుంది: "బాగానే ఉన్నావుగా, ఇంకా ఆ మందులెందుకు?" బాగానే ఉన్నది ఆ మందుల వల్లే తల్లీ! పైకి బాధ లేకపోయినా లోపల పేగు మండుతూనే ఉండవచ్చు. ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్లని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికే రావచ్చు. పెద్దపేగులో జబ్బు ఎక్కువ భాగం పాకినవాళ్ళు, ఎనిమిదేళ్ళు దాటాక క్యాన్సరు కోసం క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయించుకోవాలి. పొడి ఇచ్చినాయన ఈ లెక్క చూస్తాడా?

ఇక విందు భోజనాలు. "ఇంకొంచెం వేసుకో, మొహమాటపడకు" అనడం మన మర్యాద. ఆ మర్యాద మీద నాకు ప్రేమే. కానీ క్రోన్స్ వచ్చిన పిల్లలకి ఇచ్చే వైద్యంలో ఒక పద్ధతి ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు అన్నం, కూర, పండు ఏదీ లేకుండా, పోషకాలన్నీ కలిపిన ద్రవాహారమే ఇస్తారు. స్టెరాయిడ్ల అవసరం లేకుండానే చాలామంది పిల్లల్లో అది జబ్బుని అణుస్తుంది. అలాంటి పదకొండేళ్ళ పిల్లవాడొకణ్ణి పుట్టినరోజు పార్టీలో చూశాను. చుట్టూ పిజ్జాలూ పూరీలూ. వాడు ఒక మూల తన సీసా పట్టుకుని కూర్చున్నాడు. పదిమంది ఆంటీలు పది పళ్ళేలతో వాడి చుట్టూ చేరారు. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది నాన్నా" అని ఒకరు, "వాళ్ళమ్మకి వండడం బద్ధకం" అని ఒకరు. వాళ్ళమ్మ నవ్వుతూ నిలబడింది. ఎందుకంటే అసలు సంగతి చెప్పకూడదని ఇంట్లో ఆజ్ఞ. ఆ పిల్లవాడు ఆ ఆరు వారాలూ నిలబెట్టుకోవడం మనలో ఎవరూ చేయని ఉపవాసం. ఏకాదశి నాడు ఒక పూట మానేసిన మనిషికి దణ్ణం పెట్టే జాతి వాడి చేతిలో పూరీ కుక్కబోయింది.

నాలుగోది, నన్ను ఎక్కువ రగిలించేది. ఇది ఒంటరిగా ఇక్కడికి వచ్చిన పిల్లల గురించి.

ఏటా మన ఊళ్ళ నుంచి ఎమ్మెస్ చదువులకి ఇక్కడికి వచ్చే పిల్లలు సరిగ్గా ఈ జబ్బు బయటపడే వయసువాళ్ళు. అయిదుగురు కలిసి అద్దెకుండే అపార్టుమెంటులో ఒక బాత్‌రూము. అందులో ఒకడికి రక్తం పడుతుంది. అప్పు చేసి పంపిన నాన్నకి చెబితే తిరిగి రమ్మంటాడని భయం. డాక్టరు దగ్గరికి వెళితే బిల్లు ఎంతొస్తుందోనని భయం. రూమ్మేట్లకి తెలిస్తే వెక్కిరింత. ఆరునెలలు ఓర్చుకుని, ఆఖరికి ఎమర్జెన్సీలో చేరతాడు. కొలనోస్కోపీ చేయాలంటే మత్తు ఇస్తారు. మత్తు ఇస్తే ఇంటికి తీసుకెళ్ళడానికి బాధ్యత గల మనిషి ఒకరు రావాలి, ఒంటరిగా టాక్సీ ఎక్కి వెళతానంటే ఒప్పుకోరు. ఆ మనిషి దొరక్క రెండుసార్లు పరీక్ష వాయిదా వేసుకున్న ఒక కుర్రాడు నాకు తెలుసు. అదే ఊళ్ళో మన సంఘం ఉగాదికి ఎనిమిది వందలమందికి భోజనాలు పెట్టింది. ఎనిమిది వందల విస్తళ్ళు వేయగలిగినవాళ్ళకి ఒక్క కారు దొరకలేదంటే నేను నమ్మను. అడగాలంటే వాడు కడుపు చించుకోవాలి. చించుకోకూడదని మనమే నేర్పాం.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ సంగతి ఇంకొక రకం. 1998లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుకి ఇక్కడ అనుమతి వచ్చాక ఈ జబ్బు చరిత్రే మారిపోయింది. ఎనిమిది వారాలకొకసారి నరంలోకి ఎక్కించే ఆ మందు నాలాంటివాళ్ళని మళ్ళీ మనుషుల్ని చేసింది. కానీ ఇన్స్యూరెన్సు లేకపోతే ఒక్కో డోసూ వేల డాలర్లు. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే, ఇంకొకటి వెతుక్కోవడానికి అరవై రోజులకి మించి గడువు ఉండదు. ఉద్యోగంతో ఇన్స్యూరెన్సూ పోతుంది. పాత ఇన్స్యూరెన్సు నిలుపుకోవాలంటే జీతం లేని నెలల్లో ప్రీమియమంతా సొంత జేబులోంచి కట్టాలి. అరవై రోజులంటే సుమారుగా ఒక డోసుకీ ఇంకొక డోసుకీ మధ్య ఉన్న దూరమే! అలాంటి సమయంలో ఏం చేయాలో, మందుల కంపెనీల సహాయ పథకాలకి ఎలా అర్జీ పెట్టాలో, ఇండియాలో చవకగా దొరికే బయోసిమిలర్ల సంగతి డాక్టరుతో ఎలా మాట్లాడాలో దారి చూపించగలిగినవాళ్ళు మనలో లేరా? అహ్మదాబాదు కంపెనీ ఒకటి 2014లోనే అడాలిముమాబ్ బయోసిమిలర్‌ని మన దేశంలో అమ్మకానికి పెట్టింది. అమెరికాలో అలాంటిది బజారుకి రావడానికి 2023 దాకా పట్టింది. మనలో ఊరికి పదిమంది డాక్టర్లు, ఇరవైమంది ఫార్మా ఉద్యోగులు, లాయర్లు ఉన్నారు. ఇంతమంది ఉండి కూడా ప్రతి రోగీ గూగుల్లో ఒంటరిగా ఈదుతున్నాడు, ఎవరిని అడగాలో తెలియక.

ఈ దేశానిదంతా గొప్పేనని చెప్పబోవడం లేదు. ఇక్కడివాళ్ళకీ సిగ్గుంది. కానీ చెప్పుకున్నందుకు ఏం జరిగిందో చూడండి. 1956 జూన్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హవర్‌కి క్రోన్స్ వల్ల పేగు మూసుకుపోయి ఆపరేషను చేశారు. దేశాధ్యక్షుడి పేగు సంగతి పత్రికల్లో వచ్చింది. ఆ నవంబరులో ఆయన మళ్ళీ ఎన్నికయ్యాడు. జపాను ప్రధాని షింజో అబే 2020లో విలేకరుల ముందు నిలబడి, కొలైటిస్ తిరగబెట్టింది కాబట్టి దిగిపోతున్నానని చెప్పాడు. అప్పటికి ఆయన ఆ దేశాన్ని అందరికన్నా ఎక్కువకాలం ఏలిన ప్రధాని. ఇలినాయ్ రాష్ట్రంలో క్రోన్స్ ఉన్న ఒక పద్నాలుగేళ్ళ పిల్లని ఒక దుకాణంలో ఉద్యోగుల బాత్‌రూము వాడుకోనివ్వలేదు. ఆ పిల్లకి అందరి ముందూ జరగకూడని అవమానం జరిగింది. ఆ పిల్లా తల్లీ ఊరుకోలేదు. తమ ప్రతినిధి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పారు. 2005లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళు అత్యవసరమై అడిగితే, షరతులకి లోబడి, దుకాణదారు తన బాత్‌రూము వాడుకోనివ్వాలి. ఆ పిల్ల పేరుతోనే దాన్ని యాలీస్ లా అంటారు. తరవాత మరెన్నో రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఇవాళ న్యూజెర్సీ నుంచి చికాగో వెళ్ళే తెలుగు రోగి అక్కడి దుకాణంలో కార్డు చూపించి లోపలికి వెళుతున్నాడంటే, అది నోరు విప్పిన ఆ పిల్ల పెట్టిన భిక్ష.

మనకీ ఒక పెద్దదిక్కు ఉన్నాడు. ప్రతి తెలుగు సభలోనూ వేదిక మీద పెద్దల పటాల వరసలో యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉంటారు. మా భీమవరంలో పుట్టినాయన. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. ఆయనకీ అదే వచ్చి బతికి బయటపడ్డారు. అమెరికా వచ్చి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, స్ప్రూ రోగుల రక్తహీనతకి అది మందయింది. అక్కడే ఆయన బృందం నుంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. క్యాన్సరు కోసం పుట్టిన ఆ మందునే తరవాత క్రోన్స్‌కీ వాడుతున్నారు. మెథోట్రెక్సేట్ వేసుకునే రోగులకి తోడుగా ఫోలిక్ ఆమ్లం బిళ్ళ ఇస్తారు. నేను ఆ రెండూ కొన్నేళ్ళు వాడాను. రెండు సీసాలూ ఒక తెలుగువాడివే! ఒక ఇంటి పేగుజబ్బు శోకం ప్రపంచానికి మందైంది. ఆ పటానికి దండ వేసి, అదే హాల్లో పేగుజబ్బు మాట ఎత్తితే మొహం తిప్పుకోవడం ఎలాంటి గౌరవం?

"ఇదంతా బాగానే ఉందమ్మా, నలుగురిలో చెప్పుకునే విషయాలా ఇవి?" అనే పెద్దలకి ఒక్క మాట. ప్రతి రోగీ మైకు పట్టుకుని తన విరేచనాల లెక్క చెప్పాలని నేను అనడం లేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది రోగి ఇష్టం. చెప్పని వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆఫీసులో చెబితే ప్రమోషను పోతుందని భయపడే మనిషి భయం నిజమైనదే. నా కోపం చెప్పడానికి వీల్లేని గాలిని తయారుచేసి, దానికి సంప్రదాయమని పేరు పెట్టినవాళ్ళ మీద. గోప్యత రోగి హక్కు. గుట్టు వేరు, అది పక్కవాళ్ళు రోగి నెత్తిన పెట్టే మూట.

అందుకని అడుగుతున్నాను. ఇవి పెద్ద కోరికలు కావు.

మన సభల్లో షుగరు, బీపీ చూసే ఆరోగ్య శిబిరం పక్కనే ఒక గంట దీనికి ఇవ్వండి. మన డాక్టర్లలో పేగు వైద్యులు బోలెడుమంది. రక్తం పడితే, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్ళాల్సి వస్తే, బరువు తగ్గితే, పిల్లలు ఎత్తు పెరగకపోతే, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించమని తెలుగులో చెప్పండి. మే 19 ప్రపంచ ఐబీడీ దినం. ఆ తారీకు పట్టుకుని ఊళ్ళో మీ హైస్కూల్లో ఒక మాట చెప్పించండి. ఊరికి గుడి గోపురం కట్టించే ఎన్నారైలు ఆ గుడి పక్కన నీళ్ళున్న, తలుపు గడియ పడే మరుగుదొడ్డి కూడా కట్టించండి. దానికీ పుణ్యం ఉంటుంది. కడుపు మీద సంచి పెట్టుకుని బతికే మనిషి గుళ్ళోకి వస్తే పక్కకి జరగకండి. ఆ సంచి ప్రాణం పోకుండా నిలబెట్టిన సంచి.

మీ ఇంటికి పిలిచినప్పుడు బాత్‌రూములు ఎక్కడున్నాయో వచ్చినవాళ్ళందరికీ మామూలుగా చెప్పేయండి. ఎవరైనా మూడోసారి లేచి వెళితే గడియారం చూడకండి. వద్దన్నవాళ్ళ కంచంలో వడ్డించకండి. సంబంధం చూసేటప్పుడు జబ్బు సంగతి చెప్పిన ఇంటిని చూసి పారిపోకండి. చెప్పినవాళ్ళు నిజాయితీపరులు, ఆ మాటకొస్తే అలాంటి వియ్యంకులే దొరకరు. ముందు డాక్టరుని అడగండి, తరవాత నిర్ణయించుకోండి.

ప్రతి ఊళ్ళోని సంఘమూ ఒక కాగితం మీద పది పేర్లు రాసి పెట్టుకోండి. కొలనోస్కోపీ రోజున కారు నడిపి, వెయిటింగు రూములో రెండు గంటలు కూర్చుని, పిల్లవాణ్ణి ఇంట్లో దింపి, ఇంత గంజి కాచి ఇచ్చి వచ్చేవాళ్ళ పేర్లు. ఎందుకొచ్చిందని అడగనివాళ్ళవి, వాళ్ళమ్మకి ఫోను చేసి చెప్పనివాళ్ళవి. మా ఊళ్ళో ఆ కాగితం మీద మొదటి పేరు నాది. రెండో గీత ఖాళీగా ఉంది.